రైల్వే ఆసుపత్రిలో ఒక గ్యాస్ పొయ్యి పెట్టించండి

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.



కాజీపేట రైల్వే ఆసుపత్రిలో ఒక గది అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ల బకెట్, మగ్గు, ఒక మంచం, గోడకు ఒక అద్దం, బట్టలు తగిలించుకునే కొక్కేలు ఉంటే చాలు. వారానికి ఒక్కరోజైనా అక్కడ ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండాలి. అల్జీమర్స్ వచ్చిన మన రిటైర్డ్ ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు అక్కడికి వచ్చి చాయ్ పెట్టుకోవడం, స్నానం చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం మళ్లీ నేర్చుకోవాలి. మందుల కోసం కాదు, స్కానింగుల కోసం కాదు, కేవలం ఈ నేర్చుకోవడం కోసమే ఆ గది.

మా ఊరు రైల్వే చుట్టూ పెరిగిన ఊరు. 1929లో బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ నుంచి మద్రాసుకు ఈ దారిన బండ్లు నడవడం మొదలైన నాటి నుంచి కాజీపేట పెద్ద జంక్షనే. తర్వాత డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాలకు వచ్చినవాళ్లు రిటైరయ్యాక సొంతూళ్లకు తిరిగి పోలేదు. సోమిడిలోనో, బాపూజీనగర్‌లోనో, ఫాతిమానగర్ వైపో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు హైదరాబాద్‌కో బెంగళూరుకో ఇంకా దూరానికో పోయారు. ఇప్పుడు ఆ ఇళ్లలో ఉన్నది డెబ్బై, ఎనభై ఏళ్ల జంటలు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని, వాళ్లంతా కలిపి 88 లక్షల మంది అవుతారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్సే. ఆ లెక్క మా వీధికి వేసుకుంటే ప్రతి పదమూడు, పద్నాలుగు మంది పెద్దవాళ్లలో ఒకరన్నమాట. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు ముందు వరసలో నిలబడేవాళ్లను చూస్తే ఆ లెక్క ఎక్కువేమీ కాదనిపిస్తుంది. సంతకం ఎక్కడ పెట్టాలో భార్య వేలుపెట్టి చూపిస్తే తప్ప పెట్టలేని మనుషులు ఆ వరసలో కనిపిస్తారు.

మా నాయిన ఈ జంక్షన్‌లో డ్రైవరు. గూడ్సు నడిపి, ప్యాసింజర్లు నడిపి, చివరికి మెయిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు అల్జీమర్స్. నిన్న వచ్చిన చుట్టాన్ని ఇవాళ గుర్తుపట్టరు. మనుమరాలి పేరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. కానీ హసన్‌పర్తి రోడ్, ఉప్పల్, జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల అని వరసగా స్టేషన్లు చెప్పమంటే ఇప్పటికీ గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రాత్రి రెండింటికి లేచి "కాల్ వచ్చిందా?" అని అడుగుతారు. డ్యూటీకి తీసుకెళ్లే లైన్ బాక్స్ కోసం మంచం కింద వెతుకుతారు. "ఇయ్యాల మీకు రెస్టేనండి" అని అమ్మ చెబితే మళ్లీ పడుకుంటారు.

జబ్బు బయటపడ్డప్పుడు ఒక ఆసుపత్రిలో డాక్టరు గారు మాత్రలు రాసి, ఇక ఆయనతో ఏ పనీ చేయించకండి, అన్నీ మీరే చేసిపెట్టండి అన్నారు. చాలా ఇళ్లలో ఇదే మాట విన్నాను. ప్రేమతో చెప్పే మాటే అది. కానీ అన్నీ మనమే చేసిపెడితే ఉన్న నేర్పు కూడా పోతుంది. అన్నం కలిపి తినగలిగే మనిషికి నోట్లో పెడితే కొన్నాళ్లకు కలపడం మరిచిపోతాడు. జబ్బు తీసుకుపోయేది కొంత, మన సేవ తీసుకుపోయేది ఇంకొంత.

అల్జీమర్స్ ముందుగా దెబ్బకొట్టేది మెదడులో హిప్పోకాంపస్ అనే చోటును, దాని చుట్టుపక్కల భాగాలను. జరిగిన విషయాన్ని గుర్తుపెట్టుకోవడం ఆ చోటు పని. చేత్తో చేసే పని అలవాటుగా మారేది వేరే చోట: మెదడు లోపలి బేసల్ గాంగ్లియాలో, వెనకనున్న సెరిబెల్లంలో. ఇవి చాలాకాలం వరకు పెద్దగా దెబ్బతినవు. ఈ తేడా 1950లలోనే బయటపడింది. మూర్ఛ తగ్గడానికని 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌లో పెద్ద భాగం తీసేశారు. ఆ తర్వాత ఆయనకు కొత్త విషయం ఏదీ నిలిచేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ ఒక నక్షత్రం బొమ్మ గీయించారు. మర్నాడు వచ్చేసరికి నిన్న గీసిన సంగతి ఆయనకు గుర్తులేదు. అయినా చెయ్యి నిన్నటికంటే బాగా తిరిగింది. మూడో రోజుకు ఇంకా బాగా. ఆయనది అల్జీమర్స్ కాదు. కానీ నేర్చుకున్న సంగతి గుర్తులేకపోయినా నేర్చుకున్న పని నిలుస్తుందని ఆయన వల్లే లోకానికి తెలిసింది.

ఇది మీ శాఖకు కొత్త సంగతి కాదు. కొత్త సెక్షన్‌లో డ్రైవరుకు బండి అప్పగించే ముందు పుస్తకం చదివించి పంపరు కదా. దారి నేర్పే ఎల్ఆర్ ట్రిప్పులు వేయిస్తారు. తెలిసిన డ్రైవరు పక్కన నిలబడి, ఏ వంపు దగ్గర వేగం తగ్గించాలో, ఏ సిగ్నల్ ఎక్కడినుంచి కనబడుతుందో కళ్లకు, చేతులకు అలవాటయ్యేదాకా తిరుగుతారు. క్యాబ్‌లో సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ చెయ్యెత్తి చూపిస్తూ గట్టిగా పిలుస్తారు. ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెప్పాలి. తప్పు జరిగాక దిద్దడం రైలు మీద కుదరదు కనుక, తప్పు జరగకముందే చెయ్యిపట్టి చేయించడం రైల్వే పద్ధతి.

అల్జీమర్స్ వచ్చినవాళ్లకు రోజువారీ పనులు నేర్పే పద్ధతి కూడా ఇదే. మామూలు మనిషి తప్పు చేస్తే, అది తప్పని గుర్తుపెట్టుకుని మళ్లీ చేయడు. వీళ్లకు తప్పు చేశామన్న సంగతి మిగలదు, తప్పు చేసిన చెయ్యి మాత్రం ఆ దారిన అలవాటు పడుతుంది. అందుకే "ఏదీ, గుర్తు తెచ్చుకో", "ఇప్పుడేం చేయాలో చెప్పు చూద్దాం" అనే పరీక్షలు పనికిరావు. మొదట సరైన అడుగు మనమే చూపించాలి, చెయ్యిమీద చెయ్యి వేసి చేయించాలి, అలవాటు పడుతున్నకొద్దీ సాయం తగ్గించుకుంటూ రావాలి. ఒక చిన్న విషయం నిలిపించాలంటే, చెప్పి అర నిమిషం ఆగి అడగాలి. వస్తే ఒక నిమిషానికి, తర్వాత రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు. రాకపోతే వెంటనే సరైనది చెప్పించి, వెనకటి వ్యవధికి వచ్చేయాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్యామెరాన్ క్యాంప్ డిమెన్షియా ఉన్నవాళ్ల మీద ఏళ్లపాటు వాడి చూపించిన పద్ధతే ఈ వ్యవధి పెంచడం. ఇందులో యంత్రాలు లేవు. ఓపిక ఉంది, గడియారం ఉంది.

మా ఇంట్లో చాయ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నేనడిగే గదిలో జరిగేది అదే.

సాయంత్రం నాలుగింటికి అమ్మకు చాయ్ పెట్టివ్వడం నాయిన అలవాటు. రెస్టు ఉన్న రోజున ఆ పని ఆయనదే. జబ్బు వచ్చాక అది పోయింది. ఒకసారి ఉప్పు వేశారు, ఒకసారి పొయ్యి వెలిగించి బయటికి వెళ్లిపోయారు. అమ్మ ఆయన్ను వంటింట్లోకి రానివ్వడం మానేసింది. హైదరాబాద్‌లో ఉండే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు వీడియో కాల్‌లో మాట్లాడి, ముందు ఆయననే అడగమంది: మీకు ఏ పని మళ్లీ చేయాలని ఉంది? నాయిన అమ్మ వైపు చూసి "చాయ్" అన్నారు.

అప్పుడు వంటింట్లో ఒక పళ్లెం పెట్టాం. అందులో చిన్న గిన్నె, చాయ్‌పత్తా సీసా, చక్కెర సీసా, చెంచా, జాలి, రెండు గ్లాసులు. రెండూ గాజు సీసాలే, లోపల ఏముందో కనబడాలని. ఉప్పు డబ్బా ఆ గట్టు మీద నుంచి తీసేశాం. మొదట్లో అన్నీ అమ్మే చేసి, జాలి గ్లాసు మీద పెట్టి చాయ్ వడబోసే చివరి అడుగు ఒక్కటే నాయిన చేతికి ఇచ్చేది. చాయ్ గ్లాసు అమ్మకు అందించడంతో పని పూర్తవుతుంది, ఆయన మొహం విప్పారుతుంది. అది వచ్చాక ఇంకో అడుగు వెనక్కి, పాలు పొంగుతుంటే పొయ్యి తగ్గించడం. ఆ తర్వాత ఇంకొకటి. చివరినుంచి మొదటికి నేర్పాలనడానికి థెరపిస్టు చెప్పిన కారణం ఇదే: ప్రతిసారీ పని పూర్తిచేసేది ఆయనే కావాలి.

పొయ్యి దగ్గర భయం ఉండేది. దానికి దారి అమ్మకే తట్టింది. నాయిన చేతి కింద అసిస్టెంటు ఎట్లా పిలిచేవాడో ఆమెకు తెలుసు. గిన్నె దించగానే అమ్మ "పొయ్యి?" అంటుంది. నాయిన నాబ్ తిప్పి, సరిగ్గా సిగ్నల్‌కు ఎత్తినట్టే చెయ్యెత్తి "బంద్!" అంటారు. "రెగ్యులేటర్?" "బంద్!" ముప్పై ఏళ్లపైన క్యాబ్‌లో పలికిన గొంతు అది. ఇప్పటికీ వణకదు. ఇప్పుడు నాలుగింటికి చాయ్ నాయినే పెడతారు, అమ్మ పక్కన నిలబడుతుంది. ఎవరు నేర్పిన్రు నాయినా అని అడిగితే, "నాకెప్పటి నుంచో వచ్చు" అంటారు. నేర్చుకున్నది ఒక్కటీ ఆయనకు గుర్తులేదు.

అన్నీ ఇట్లాగే వచ్చాయని చెప్పను. టీవీ రిమోటు రాలేదు. చాలా కాలం ప్రయత్నించాక, ఆయన విసిగిపోతుంటే మానేశాం. చాయ్ వచ్చినంత మాత్రాన గుండీలు వాటంతటవే రావు, గుండీలు విడిగా నేర్పుకోవాల్సిందే. ఇట్లా పనులు నేర్పడం మీద ఇంగ్లండ్, వేల్స్‌లో డిమెన్షియా ఉన్న 475 మందితో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు థెరపిస్టులు మూడు నెలల్లో పదిసార్లు వెళ్లారు. ఏం నేర్చుకోవాలో ఎంచుకున్నది ఆ మనుషులే. ఆ తర్వాత ఆరు నెలలు అప్పుడప్పుడు వెళ్లి చూసుకున్నారు. ఎంచుకున్న పనుల్లో స్పష్టమైన మెరుగు కనిపించింది, తొమ్మిది నెలలకూ నిలిచింది. కానీ మొత్తం జ్ఞాపకశక్తి పెరగలేదు, దిగులు తగ్గలేదు. జబ్బు ముదిరినకొద్దీ ఈ పనులు కూడా ఒక్కొక్కటి జారిపోతాయి. ఇది నయం చేసే వైద్యం అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఒక మనిషి తన చేతులతో తన పని చేసుకుంటూ ఇంకో ఏడాదో రెండేళ్లో ఎక్కువ ఉండగలిగితే, ఆ ఇంటికి అది ఎంత పెద్ద సంగతో నేను చూశాను కనుక అడుగుతున్నాను.

మాకు చదువుంది, ఫోను ఉంది, వీడియోలో గంటసేపు మాట్లాడే థెరపిస్టుకు ఫీజు కట్టే స్తోమత ఉంది. పట్టాల మీద పనిచేసి రిటైరైన ట్రాక్‌మ్యాన్ ఇంట్లో ఇవి ఉండవు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు, బీపీ. ఆమెకు ఎవరూ ఈ పద్ధతి చెప్పలేదు. రోజూ స్నానం దగ్గర గొడవ, బట్టల దగ్గర గొడవ. ఇట్లాంటి ఇళ్లలో సీసాలకు కాగితం అంటించి పేర్లు రాయమంటే ఏం లాభం? అక్షరం లేనివాళ్లకు రంగులు కావాలి, బొమ్మలు కావాలి, ఎర్ర మగ్గు ఎప్పుడూ ఒకే మేకుకు వేలాడాలి. ఇవన్నీ ఆ ఇల్లు చూసి చెప్పే మనిషి కావాలి.

ఈ పని మన దగ్గర కుదరదని ఎవరూ అనలేరు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో చూపించింది. బడికి పోనివాళ్లలో కూడా ఈ తేడా కనబడింది. లోకమంతా ఆ పరిశోధనను ఇప్పటికీ ఉదహరిస్తుంది. తెలుగు, హిందీ, ఉర్దూ కలగలిపి మాట్లాడే మన మనుషుల మీదే ఆ పని జరిగింది. మెదడును పరీక్షించడం మన భాషల్లో సాధ్యమైనప్పుడు, మళ్లీ నేర్పడమూ మన వంటింట్లో, మన స్నానాల గదిలో సాధ్యమే. కేరళలో కున్నంకుళంలో 1992లో మొదలైన అల్జీమర్స్ సంఘం దేశమంతా శాఖలు పెట్టింది, అక్కడి ప్రభుత్వం దానితో కలిసి పనిచేస్తోంది. హైదరాబాద్‌లోనూ ఆ సంఘం శాఖ ఉంది. శిక్షణ ఇవ్వడానికి మనుషులు దొరకనంత దూరంలో లేం మనం.

ఒక్కరోజు ఓపీతో ఆగితే చాలదు. నేర్చుకున్నది గదిలోనే ఉండిపోతుంది. అక్కడ నీలం బకెట్ దగ్గర స్నానం నేర్చినవాడు ఇంట్లో ఇత్తడి గంగాళం చూసి నిలబడిపోతాడు. కాబట్టి మొదటి రెండుసార్లు ఆసుపత్రిలో చూసి, ఆ తర్వాత థెరపిస్టు ఇంటికి రావాలి. డీజిల్ కాలనీ నుంచి సోమిడికి, బాపూజీనగర్‌కు ఎంత దూరమో మీ ఆసుపత్రి అంబులెన్సు డ్రైవర్లకు తెలుసు. థెరపిస్టు నేర్పేది రోగికంటే ఎక్కువగా ఇంట్లో ఉన్న మనిషికి. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి భార్యో కోడలో కూతురో. రిటైరైనవాళ్ల వైద్య పథకం ఆర్‌ఈఎల్‌హెచ్‌ఎస్ కార్డు పెన్షనరుకు, ఆయన భార్యకు వైద్యం ఇస్తుంది. రోగిని చూసుకునే ఆవిడకు నేర్పే గంటను కూడా వైద్యంగానే లెక్కపెట్టమని మీ ప్రిన్సిపల్ చీఫ్ మెడికల్ డైరెక్టరు గారికి ఒక ఆదేశం చాలు.

జబ్బు తొలి దశలోనే పట్టుకోవడానికి మీకున్నంత అవకాశం ఇంకెవరికీ లేదు. లోకో పైలట్ చూపు, రంగుల గుర్తింపు సర్వీసంతా పరీక్షిస్తూనే ఉంటారు. రిటైరైన మర్నాటి నుంచి ఆ మనిషి తల ఎట్లా పనిచేస్తుందో ఎవరూ అడగరు. పెన్షన్ అదాలత్‌కు వచ్చినప్పుడో, ఆసుపత్రికి బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడో నర్సు ఐదు నిమిషాలు మాట్లాడితే చాలామటుకు తెలిసిపోతుంది. ఆలస్యంగా తెలిస్తే నేర్పడానికి మిగిలేది తక్కువ.

ఇంకో మాట, స్టేషను గురించి. మతిమరుపు వచ్చిన రైల్వే మనిషి ఇల్లు వదిలిపోతే ఎక్కడికి పోతాడు? డ్యూటీకి. ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఏదో ఒక బండి ఎక్కేస్తాడు. కాజీపేటలో ఎక్కినవాడు తెల్లారేసరికి నాగపూర్‌లో ఉండొచ్చు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లల కోసం ఆర్‌పీఎఫ్ 'నన్హే ఫరిష్తే' పేరుతో ఎంత గొప్ప పని చేస్తోందో మనం చూస్తున్నాం. అదే కళ్లు పెద్దవాళ్ల కోసం కూడా తెరిచి ఉంచమని మా స్టేషను సిబ్బందికి చెప్పండి.

రైల్వే కార్డు లేని కాజీపేటవాసుల సంగతి ఏమిటని అడుగుతారు. నిజమే, జబ్బు కార్డు చూసి రాదు. కేంద్రం 2010లో మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు ఓపీ, ఫిజియోథెరపీ ఉండాలి. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లే 'ఆలన' బృందాలు తెలంగాణలో ఉన్నాయి. మీ గదిలో ఒకసారి పని మొదలైతే, హనుమకొండ కలెక్టరు గారికి, వైద్య ఆరోగ్య శాఖకు అది చూపించి మేమే అడుగుతాం, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కూడా ఇట్లాంటి గది పెట్టండని. కానీ చేసి చూపించాల్సింది ముందు ఎవరో ఒకరు. ఆ పనికి డిసిప్లిన్ ఉన్న శాఖ మీది, రిటైరైన ఉద్యోగుల చిట్టా చేతిలో ఉన్న శాఖ మీది.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ రోజున ర్యాలీలు, బ్యానర్లు వద్దు. ఆ రోజున ఆ గది తాళం తీయండి. పెన్షనర్ల సంఘాలు, మజ్దూర్ యూనియన్, ఎంప్లాయీస్ సంఘ్ అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. గ్యాస్ పొయ్యి మేమే తెచ్చిస్తాం. థెరపిస్టు పోస్టు మాత్రం మీరే మంజూరు చేయాలి. తొలి పాఠానికి మా అమ్మ వస్తానంది, "పొయ్యి? బంద్!" ఎట్లా పిలవాలో మిగతా ఇళ్లవాళ్లకు చూపించడానికి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

కాజీపేట రైల్వే పెన్షనర్ కుమార్తె